పెరిగిన ఆస్తి పన్ను: బిల్లును చదవడం, ఖర్చును ప్రశ్నించడం

అంజూర్ ఫాటాలోనూ, పద్మానగర్‌లోనూ సాంచాలను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పురపాలక బిల్లు మరాఠీలో అందుతుంది. అందులోని మొత్తం పెరిగిందని గ్రహించడం సులభం. ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే ఏ వరుసలోని అంకె మారిందో చూడాలి. ప్రశ్నను ఎవరి ముందుంచాలన్నది దానిని బట్టే తేలుతుంది.

ముందుగా ఒక విషయం నిర్ధారించుకోవాలి. అంజూర్ ఫాటా దాటి ఠాణే వైపు సాగితే రాహనాల్, కాల్హేర్ వంటి గ్రామ పంచాయతీలు వస్తాయి. ఆ ఇళ్ల పన్ను పంచాయతీది. ఈ పాఠం భివండీ నిజాంపూర్ నగర మహానగరపాలిక హద్దులోని ఆస్తులకు వర్తిస్తుంది.

బిల్లులోని మాటలు

‘కరయోగ్య మూల్య’ అంటే పన్ను విధింపునకు ఆధారమైన వార్షిక విలువ. ‘థక్‌బాకీ’ అంటే పాత బకాయి. ‘శాస్తీ’ అంటే ఆలస్య రుసుము. విద్యా ఉపకరం, ఉపాధి హామీ ఉపకరం రాష్ట్ర ప్రభుత్వానివి. నగరపాలిక వాటిని వసూలు చేసి రాష్ట్రానికి జమ చేస్తుంది. కాబట్టి ఆ సొమ్ముతో వీధి దీపం ఎందుకు వెలగలేదని నగరపాలికను అడగడం సరికాదు. విద్యుత్ బిల్లుకు కూడా ఈ పన్నుతో సంబంధం లేదు.

విలువను లెక్కించే తీరు

అద్దె ప్రాతిపదికన విలువ కట్టే పద్ధతిలో, ఆస్తికి న్యాయంగా రాగల సంవత్సరపు అద్దె నుండి మరమ్మతుల నిమిత్తం పదోవంతు తీసివేస్తారు. ఉదాహరణకు నెలకు 3,000 రూపాయల అద్దె రాగల గది తీసుకుందాం. ఏడాదికి 36,000, అందులో 3,600 తీసివేయగా 32,400 రూపాయలు మిగులుతుంది. పన్ను శాతాలను ఈ విలువపై లెక్కిస్తారు. ఇల్లుగా వాడే గదిని కార్ఖానాగా నమోదు చేసినా, వైశాల్యం తప్పుగా రాసినా పన్ను పెరుగుతుంది.

పెంపు మూడు విధాలు

మొదటిది, విలువ పెరగడం. ఇది ఒక్కొక్క ఆస్తికి సంబంధించినది. విలువను పెంచినప్పుడు నోటీసు ఇవ్వాలి. అందులోని గడువులోగా లిఖితపూర్వకంగా ‘హరకత్’, అనగా అభ్యంతరం, దాఖలు చేసి, స్వీకృతి ముద్ర వేసిన నకలును భద్రపరచుకోవాలి. ‘సునావణీ’, అనగా విచారణ, రోజున అద్దె ఒప్పందం, కొలతలు, పాత బిల్లులు చూపాలి. నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో న్యాయస్థానంలో అప్పీలు చేయవచ్చు. అయితే ముందుగా అభ్యంతరం తెలిపి ఉండాలి, వివాదంలో ఉన్న పన్నును జమ చేయాలి. గడువులో మౌనంగా ఉన్నవారికి ఈ దారి మూసుకుపోతుంది.

రెండవది, పన్ను శాతం పెరగడం. ఇది నగరమంతటికీ వర్తించే నిర్ణయం. రానున్న ఆర్థిక సంవత్సరపు పన్ను శాతాలను ఫిబ్రవరి 20లోగా నిర్ణయించాలని మహారాష్ట్ర మహానగరపాలికల చట్టం చెబుతుంది. ఏప్రిల్ తరువాత బిల్లు పట్టుకొని కార్యాలయానికి వెళ్లడం కంటె, జనవరిలోనే నగరసేవకుణ్ణి కలవడం మేలు.

మూడవది, బకాయి పెరగడం. శాస్తీ నెలకు 2 శాతం. 5,000 రూపాయల బకాయికి నెలకు 100, ఏడాదికి 1,200 అవుతుంది. కోపంతో బిల్లు కట్టకుండా ఉండటం నిరసనగా చెల్లదు; అది అప్పుగా పెరుగుతుంది.

అద్దెదారు స్థానం

సాధారణంగా పన్ను చెల్లించవలసినది యజమాని. ఆయన చెల్లించనప్పుడు అధికారులు ఆ బిల్లును అద్దెదారుకు ఇవ్వవచ్చు. అలా చెల్లించిన సొమ్మును అద్దెలో మినహాయించుకొనే హక్కు అద్దెదారుకు ఉంది. అందుకు రసీదు ఆధారం.

ఖర్చును అడగడం

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం 10 రూపాయల రుసుముతో ‘జన మాహితీ అధికారి’కి దరఖాస్తు చేయవచ్చు. సమాధానానికి గడువు 30 రోజులు. మహారాష్ట్ర నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. అది సాధారణంగా 150 మాటలకు మించరాదు.

“మా పన్ను ఎక్కడికి పోతోంది?” అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. “గత ఆర్థిక సంవత్సరంలో మా వీధి మురుగు కాలువకు మంజూరైన మొత్తం ఎంత, చెల్లించినది ఎంత? పని ఉత్తర్వు, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వగలరు” అని అడిగితే కాగితం చేతికి వస్తుంది. దానిని పట్టుకొని కాలువ దగ్గర నిలబడితే, రాసినది జరిగిందో లేదో ఎవరైనా చూడగలరు.

అభ్యాసం

1. ఈ ఏటి బిల్లును నిరుటి బిల్లు పక్కన ఉంచి, మారిన వరుసను గుర్తించండి.
2. నమోదైన వినియోగం, వైశాల్యం సరిగా ఉన్నవా?
3. మీ వీధిలో జరిగిన ఒక పనిని గురించి 150 మాటలలోపు సమాచార దరఖాస్తు రాయండి.