పండగ సెలవులూ, తుఫాను రోజులూ



దసరా, దీపావళి సెలవులు అనగానే మనం పెట్టె సర్దేసి, రోజులు వేళ్ళ మీద లెక్కపెడతాం. సరిగ్గా ఆ రోజుల్లోనే బస్సులు, రైళ్ళు, పడవలు ఎందుకు ఆగిపోతాయి? పాఠంలో చదివినదీ, నేను చూసినదీ కలిపి రాస్తున్నాను.

మా ఊరు కె.గంగవరం. మా అమ్మమ్మగారి ఊరు గోదారికి అవతల. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే ముక్తేశ్వరంలో దిగుతాం. ఒక దీపావళికి నాన్నా నేనూ రేవుకి వెళ్ళాం. వాన లేదు, ఎండ కూడా కాస్తోంది. అయినా పంటు కట్టేశారు. "వానే లేదు, ఎందుకు ఆపారు?" అని జనం గొడవ. రేవులో ఒక ముసలాయన "వాన పైన పడింది బాబూ, నీళ్ళు చూడండి" అన్నాడు. గోదారి ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. దుంగలు కొట్టుకొస్తున్నాయి. వెనక్కి వచ్చేశాం. దారంతా ఏడ్చాను.

ఇక కారణం తెలుసుకుందాం. వానాకాలం వెళ్ళినా బంగాళాఖాతం తొందరగా చల్లారదు. నీరు సుమారు 26 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే ఆవిరి బాగా పైకి లేస్తుంది, అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ అక్కడికి చేరుతుంది. అది అల్పపీడనం. బలపడితే వాయుగుండం. గాలి వేగం గంటకు 62 కి.మీ. చేరితే తుఫాను. జూలై, ఆగస్టుల్లో సముద్రం వేడిగానే ఉన్నా, ఎత్తున వీచే బలమైన గాలులు ఆ సుడిని నిలవనివ్వవు. నైరుతి వెళ్ళి ఈశాన్యం వచ్చే అక్టోబరు, నవంబరుల్లో ఆ అడ్డు తగ్గుతుంది. మన పండగలూ అప్పుడే!

1996లో దీపావళికి నాలుగు రోజుల ముందు, నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణంగా తుఫాను తీరం దాటింది. కోనసీమలో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా కూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు.

2005లో దీపావళికి మూడు రోజుల ముందు, అక్టోబరు 29 తెల్లవారుజామున, రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళ్ళే డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. భారీ వానకి చెరువు గట్టు తెగి, ఆ నీటికి రైలు వంతెన కొట్టుకుపోయింది. వందమందికి పైగా పోయారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పుడు చాలా రైళ్ళు ముందే రద్దు చేశారు. మద్రాసు నుంచి హౌరా వెళ్ళే పెద్ద రైలుమార్గం మన కోస్తా మీదుగానే పోతుంది. అందుకే ఇక్కడ తుఫాను వస్తే ఒరిస్సా, బెంగాలు, తమిళనాడు వాళ్ళ ప్రయాణాలూ ఆగుతాయి. రైలు రద్దయితే విసుగొస్తుంది. కానీ వలిగొండ తలుచుకుంటే ఆపడమే మేలనిపిస్తుంది.

సెలవులకు వెళ్ళేముందు:

1. రేడియోలో వాతావరణ వార్త వినాలి. వార్డెన్ గారిని అడగాలి.

2. మనలో చాలామంది దారిలో వాగులున్నాయి. మోకాలి లోతే కదా అని దిగకూడదు. వేగంగా పారే నీరు మనిషిని పడేస్తుంది. నీటి కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో కనపడదు.

3. ఇక్కడ వాన తగ్గినా కొండల్లో పడిన నీరు తర్వాత దిగుతుంది. వాగు తీసేదాకా ఆగాలి.

4. బయలుదేరడం ఆలస్యమైతే ఇంటికి కబురు పంపాలి.

ఈ నాలుగోది ఎందుకంటే, మూడు రోజులకి పంటు వేశాక మేం దాటి వెళ్ళాం. అమ్మమ్మ దాచిన బూరెలు పాడైపోయాయి. ఆవిడ కోప్పడలేదు. "ఆ నీళ్ళలో పడి వచ్చేస్తారేమోనని రాత్రంతా నిద్రపట్టలేదురా" అంది. నేను రాలేదని ఏడుస్తుంటే, అవతలి ఒడ్డున ఆవిడ మేం రాకూడదని దణ్ణం పెట్టుకుంది.

అందుకని మిత్రులారా, ఒకరోజు ఆలస్యంగానైనా క్షేమంగా ఇంటికి చేరండి.

— 9వ తరగతి విద్యార్థి