మందు డబ్బా గుమ్మం బయటే: చిత్త, స్వాతి కార్తెల పెరటి సలహాలు

అక్టోబరు రెండో వారంలో చిత్త, నెలాఖరుకు స్వాతి. పెదపరిమి, హరిశ్చంద్రపురం, వడ్డమాను వైపు మెట్ట చేలల్లో ఇప్పుడు పత్తికి, మిరపకు చాకిరీ చేసేవాళ్లకు ఊపిరి సలపదు. అమరావతి రాజధాని 29 గ్రామాల్లో 2015 నాటి భూసమీకరణకు పొలం ఇచ్చిన ఇళ్లలో సంగతి వేరు. కౌలు డబ్బు బ్యాంకులో పడుతుంది, కూరగాయలు బండి మీద వస్తాయి. వెంకటపాలెం, మందడం, ఉద్దండరాయునిపాలెం, రాయపూడి జరీబు నేలల్లో ఏడాది పొడవునా కూరలు, పూలు, అరటి, కంద పండించినవాళ్లు పావు కిలో బెండకాయలు కొనేటప్పుడు పడే ఇబ్బంది చూస్తే తెలుస్తుంది, వాళ్లకు కొరవడింది డబ్బు కాదు, చేతికి పని. ఈ నెల సలహాలు ఆ రెండు రకాల ఇళ్లకూ. ఇంటి వెనక సెంటు జాగా ఉంటే చాలు. అది కూడా లేకపోతే డాబా మీద కుండీలున్నాయి.

పెరటి పంటకు రేటు లేదు. దాని సుఖమంతా అక్కడే ఉంది. మిర్చి యార్డులో ధర ఎంత పలికిందో ఫోను తీసి చూడక్కర్లేదు, తూకం రావాలని కాయ ముదిరేదాకా ఆగక్కర్లేదు. బెండ పూత రాలిన నాలుగైదు రోజులకే, గోటితో గిల్లితే కొస విరిగేటప్పుడు కోసుకోవచ్చు. ఆ లేతదనం ఏ బజారులోనూ దొరకదు, ఎందుకంటే ఆ దశలో కోస్తే అమ్మేవాడికి బరువు తూగదు. ఆడవాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. మగవాళ్లే పెరట్లో కూడా ఎకరానికి ఎన్ని బస్తాలని లెక్క వేస్తుంటారు.

ముందు నేల చూడండి. తుళ్లూరు నల్లరేగడి వానకు ఉబ్బి నీళ్లు పట్టుకుంటుంది, ఎండకు బీటలు తీస్తుంది. మిరప నారు పోసేటప్పుడు చేసినట్టే ఇక్కడా ఎత్తు మడులు కట్టాలి. మూడడుగుల వెడల్పు, జానెడు ఎత్తు, మధ్యలో నడవడానికి కాలవ. మడిలోకి కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచి చెయ్యి అందాలి. బాగా చివికిన పశువుల ఎరువు మడికి రెండు మూడు తట్టలు కలపండి. మగ్గని పచ్చి పేడ వేస్తే చెదలు చేరతాయి. కొత్తగా ఇల్లు కట్టిన ప్లాటైతే మరో చిక్కు ఉంది. పైన కనిపించేది మట్టిలాగే ఉన్నా లోపల సిమెంటు పెళ్లలు, కంకర, మెరక కోసం తోలిన గ్రావెల్. అలాంటి చోట అడుగు లోతు తవ్వి తీసేసి మంచి మట్టి నింపకుండా విత్తనం వేస్తే మొలుస్తుంది గాని ఎదగదు.

ఇప్పుడు వేయదగినవి చాలా ఉన్నాయి. మెంతికూర, పాలకూర, చుక్కకూర చలి తగిలేకొద్దీ బాగా వస్తాయి. కొత్తిమీరకు వంటింటి ధనియాలు కొత్తవైతే అవే సరిపోతాయి. గింజను చెప్పుతో రుద్ది రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. వారం రోజులకు కూడా మొలక కనిపించలేదని మడి తవ్వేయకండి, పది రోజులదాకా పడుతుంది. టమాటా, వంగ నారు ఇరవై అయిదు, ముప్పై రోజులది నాటుకోవచ్చు. వంగలో కొమ్మ చివర వాలిపోయిందంటే లోపల పురుగు ఉన్నట్టే. వాలిన చోటుకు రెండంగుళాల కింద తుంచి నలిపేస్తే పని అయిపోతుంది, దానికి మందు అక్కర్లేదు. పందిరి చిక్కుడు పగళ్లు పొట్టివైతేనే పూస్తుంది. ఆషాఢంలో పెట్టిన తీగ ఇంకా పూయలేదని బెంగపడకుండా పందిరి గట్టి చేసుకోండి, మార్గశిరానికి కాయ చాలినంత వస్తుంది. ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లకు గుత్తి చిక్కుడు మేలు.

పందిరికి సరుగుడు కర్ర వాడండి, పత్తి కట్టె వద్దు. చేనులో పీకిన పత్తి కట్టె ఊరికే ఉందని తెచ్చి పెరట్లో పోగు వేస్తారు. దానికి వేలాడే ఎండు గుడ్డికాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని ఉంటుంది.

ఆ మాట వచ్చింది కనుక అసలు సంగతి చెప్పాలి. బెండ, గోంగూర, మందారం ఈ మూడూ పత్తికి దాయాదులు, ఒకే కుటుంబం మొక్కలు. చేనులో పత్తిని పీల్చే పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి ఇంటి మందారం మీదికీ బెండ మీదికీ వస్తాయి. రాగానే మన చెయ్యి అలవాటు కొద్దీ తైవాన్ పంపు వైపు పోతుంది. ట్యాంకు అడుగున చేనుకు కొట్టగా మిగిలిన మందు ఉంటుంది. ఆ పని చేయకండి. పత్తికి కొట్టే మందులు చాలావరకు కూరల కోసం ఉద్దేశించినవి కావు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. పత్తి మీద కొట్టిన మందు దూదిలో ఉంటుంది, తోటకూర మీద కొట్టింది ఆ సాయంత్రమే కంచంలోకి వస్తుంది. ఖాళీ మందు డబ్బాలను కడిగి కుండీలుగా, నీళ్ల మగ్గులుగా వాడటం కూడా చూస్తున్నాం. ఎంత కడిగినా అవి పనికిరావు.

పెరట్లో పురుగుకు చెయ్యే మందు. పిండినల్లి ఉన్న కొమ్మ తుంచి కాల్చండి. పేనుబంకను నీళ్ల ధారతో కొడితే సగం పోతుంది, మిగతా సగం అక్షింతల పురుగుల వాటా. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడి రాత్రి నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం చల్లండి. జీవామృతం ఎకరానికి 200 లీటర్లంటారు. పెరటికి ఆ డ్రమ్ము ఎందుకు? 20 లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి చాలు. రెండు రోజులు నీడలో ఉంచి పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి.

పూల విషయంలో బంతికి ఇదే అదను. చిత్తలో నారు పోస్తే నెల తిరిగేసరికి నాటవచ్చు, సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు అందుతాయి. సకాలంలో నాటిన మొక్కకు తల తుంచితే కొమ్మలు వేస్తుంది, ఆలస్యంగా నాటినదానికి తుంచొద్దు, పండగ దాటిపోతుంది. బంతిని టమాటా మధ్య వరుసల్లో పెడితే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు పువ్వు మీదే గుడ్లు పెడుతుంది, పువ్వు కోసేస్తే గుడ్లూ పోతాయి. వేరుబుడిపె నులిపురుగులు కూడా బంతి వేళ్లున్న చోట తగ్గుతాయి. ఒక జాగ్రత్త: 2021-22లో మన మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలలోనే దాక్కుంటుంది. మిరప ఉన్న పెరట్లో వాడిన బంతి, చేమంతి పూలు మొక్క మీద వదలకండి, నీలి రంగు జిగురు అట్ట ఒకటి కట్టండి. తెల్లదోమకైతే పసుపు అట్ట.

చేమంతి ఏపుగా పెరిగినా మొగ్గ వేయడం లేదని అడిగేవాళ్లు కొత్త వీధి దీపాలు పెట్టిన రోడ్ల పక్కన ఎక్కువ. ఎరువు లోపం కాదది. చేమంతికి రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉండాలి. పాలీహౌస్ రైతులు కావాలనే లైట్లు వేసి పూతను వాయిదా వేసేది ఇందుకే. కుండీని దీపం వెలుగు పడని పక్కకు మార్చండి, వెలుగులో ఉన్నది నేలలో మొక్కైతే రాత్రిళ్లు గోనె అడ్డం కట్టండి. మల్లెకు ఇప్పుడేమీ చేయొద్దు, కత్తిరింపు డిసెంబరులో.

ఈ రెండు కార్తెల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. హెచ్చరిక వినగానే మడుల మధ్య కాలవలు కొస దాకా తెరిచి, టమాటాకు, వంగకు ఊతకర్రలు కట్టి, అందిన ఆకుకూర కోసేసుకోండి. వాన వెలిశాక తడి రేగడిలో కాలు పెడితే అడుగు పడిన చోట నేల ఇటుకవుతుంది. మట్టి చేతికి అంటుకోకుండా పొడిపొడిగా అయ్యాక పైపైన గొర్రుతో కదిలించి, మొదళ్లకు వరిగడ్డి పరవండి. కొత్తిమీర మడి నీళ్లలో మునిగితే దానికోసం చూడొద్దు, మళ్లీ చల్లండి.