గోదావరి గట్టున నూనెచెట్లు

పాపికొండల నడుమ ఇరుకుగా ప్రవహించిన గోదావరి పోలవరమువద్ద కొండలను వీడి మైదానమున ప్రవేశించును. ఆ ఊరికి ఎగువను అడవులు. దిగువను మెట్టపొలములు, తోటలు. మరింత దిగువను సముద్రతీరమువరకు వ్యాపించిన కోనసీమ. ఈ మూడు సీమలయందును నూనెనిచ్చు ఫలవృక్షములు మూడు కలవు. అడవిలో ఇప్ప, మెట్టలో పామాయిలు, కోనసీమలో కొబ్బరి. మూడింటినుండియు లభించునది నూనెయే. అయినను, తన్ను నమ్ముకొన్నవారి బ్రతుకును ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క విధముగా నడపుచున్నది.

చెట్టు నూనెను మనుష్యులకొరకు దాచదు. మొలక ఆకు తొడిగి, తన ఆహారమును తాను సంపాదించుకొనువరకు దానికి కావలసిన బత్తెమే గింజలోని నూనె. కొన్ని చెట్లు పండు కండలోను నూనెను నింపును. ఆ కండకు ఆశపడి వచ్చు పక్షులు, జంతువులు విత్తులను దూరమునకు చేరవేయును. నూనె గింజలో నున్నదా, కండలో నున్నదా అను భేదమునుబట్టియే దానిని తీయు పద్ధతియు మారుచుండును.

కొబ్బరియు పామాయిలును తాటిజాతికి చెందిన చెట్లు. ఆ జాతిలోనివే తాడి, ఈత, జీలుగు కూడ ఈ ప్రాంతమున విరివిగా పెరుగును. తాటిపండ్లతో తాండ్ర చేయుదురు. కొండరెడ్లు జీలుగుకల్లు త్రాగుదురు. కరవుకాలమున జీలుగుమానును నరికి, నడిమి మెత్తని భాగమును దంచి, పిండి తీసి వండుకొనెడివారు. కాని ఈ మూడు చెట్ల పండ్లును ఇంటికి వలసిన నూనెను ఈయజాలవు.

కొబ్బరి నూనెను గింజలో దాచును. కాయను పగులగొట్టి ఎండబెట్టినచో నీరు పోయి ఎండు కొబ్బరి మిగులును. అందులో మూడింట రెండు వంతులకు దగ్గరగా నూనె యుండును. ఎండు కొబ్బరి త్వరగా చెడదు. కావున రైతు దానిని కొంతకాలము నిలువచేసి, ధర వచ్చినపుడు అంబాజీపేట సంతకు చేర్చవచ్చును. ఎడ్లగానుగ నాటినుండియు ఈ నూనె వంటకు, తలకు, దీపమునకు, సబ్బునకు ఉపయోగపడుచున్నది. సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడుకంటె చలి పెరిగినచో ఇది సీసాలో గడ్డకట్టును. అది కల్తీకి గుర్తు కాదు; ఆ నూనె స్వభావము.

పామాయిలు చెట్టు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. పెదవేగిలో 1995లో ఈ పంటకై జాతీయ పరిశోధన కేంద్రము వెలసినది. ఈ చెట్టు రెండు నూనెల నిచ్చును: ఎఱ్ఱని కండనుండి ఒకటి, లోపలి పప్పునుండి మరొకటి. హెక్టారు నేలలో ఇంత నూనె నిచ్చు పంట ప్రపంచమున వేరొకటి లేదు. అయితే దాని కోరికలును పెద్దవే. వేసవిలో ఒక్కొక్క చెట్టుకు రోజుకు 150 నుండి 200 లీటర్లకు పైగా నీరు కావలెను. గెల కోసినంతనే కండలోని ఒక ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లముగా మార్చనారంభించును. కావున గెలలను 24 గంటలలో ఫ్యాక్టరీకి చేర్చి, ఆవిరిలో ఉడికించి ఆ మార్పును ఆపవలెను. ఈ పని ఇంటిలో జరుగునది కాదు. 1993 నాటి చట్టము ననుసరించి ఒక్కొక్క ఫ్యాక్టరీకి కొంత ప్రాంతము కేటాయింపబడినది. గెలను దాచుకొని మంచి ధరకై ఎదురుచూచుట రైతునకు సాధ్యము కాదు.

ఇప్ప తాటిజాతిలోనిది కాదు. అయినను కొండలలోని కోయలకు, కొండరెడ్లకు నూనె కొరత తీర్చినది ఈ చెట్టే. పోడు కొట్టునపుడు సైతము ఇప్పమానును విడిచిపెట్టుట అచటి ఆచారము. వేసవి ఆరంభమున రాలు తియ్యని పువ్వులను ఏరి ఎండబెట్టుకొందురు. తొలకరి నాటికి పండ్లు రాలును. గింజలను ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పును దంచి, ఆవిరిపై ఉడికించి, బరువైన దూలముల నడుమ నొక్కి నూనె తీసెడివారు. పప్పులో సుమారు సగము నూనెయే. బాగుగా ఎండిన పప్పు నెలల తరబడి నిలుచును. ఈ నూనెయు చలికి నేతివలె పేరుకొనును. కూరకు, దీపమునకు, ఒంటికి రాచుకొనుటకు అదియే. మిగిలిన పిండి చేపలకు విషము. దానిని మడుగులో కలిపి చేపలను పట్టెడివారు. పొలమునకు ఎరువుగను వాడుదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇటువంటి అటవీ ఫలసాయములను కొనుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వానిని సేకరించుకొను హక్కును గిరిజనులకు గుర్తించినది.

ఇప్పుడు ఆ హక్కునకు ఒక చిక్కు వచ్చినది. పోలవరమువద్ద కట్టుచున్న ఆనకట్ట 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడినది. అందు 45.72 మీటర్ల మట్టమువరకు నీరు నిలుపవలెనని నిర్ణయము. ఆ నీరు డెల్టా పొలములకును, నగరములకును మేలు చేయును. కాని నది కిరువైపుల గల అనేక గ్రామములవారు అందుకై ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలిరి. ఇల్లు మరియొకటి కట్టవచ్చును. భూమికి బదులు భూమి ఈయవచ్చును. తాతలనాటి ఇప్పచెట్టు మాత్రము బండిమీద రాదు. నేడు నాటిన మొక్క కాపునకు వచ్చుటకు పది సంవత్సరములకు అటునిటుగా పట్టును. అంతవరకు ఆ ఇల్లాలు నూనెను దుకాణమున కొనవలసినదే. ఆమె కొను సంచిలోనిది తరచుగా పామాయిలే.

నూనె తూకమునుబట్టి చూచినచో పామాయిలునకు సాటి లేదు. నీటి పొదుపును, నిలువయుండు గుణమును, ఇంటనే నూనె తీసుకొను వీలును లెక్కించినచో ఇప్ప విలువ వేరుగా కనబడును. దేశమునకు మొదటిది వలసినదే. అయినను పునరావాస కాలనీల చుట్టు ఖాళీనేలలో నేడే ఇప్పమొక్కలు నాటినచో, ఆ కాలనీలలో పుట్టిన పిల్లలు పెద్దవారగునాటికి తొలకరిలో గింజలు ఏరుకొనగలరు.