బుర్రకథలో మన్యపు పోరు

చిన్న దళము పెద్ద సైన్యమును ఎదిరింపవలసి వచ్చినపుడు మైదానమున నిలిచి పోరాడదు. శత్రువు ఊహింపని చోట, ఊహింపని వేళ దెబ్బతీసి, అతడు తేరుకొనులోగా కనుమరుగగును. దీనినే గెరిల్లా యుద్ధమందురు. అల్లూరి సీతారామరాజు 1922 మొదలు 1924 వరకు విశాఖ, గోదావరి మన్యములలో ఆంగ్ల ప్రభుత్వముపై సాగించిన పోరు ఇట్టిదే. ఆ వీరగాథను తెలుగు పల్లెలకు చేర్చిన కళలలో బుర్రకథ ముఖ్యమైనది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ ఈ కథను చెప్పుటలో మిక్కిలి పేరు గాంచెను. భారత ప్రభుత్వము 1986లో ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

బుర్రకథకు తెరలు లేవు. అడవులను, కొండలను చూపు అలంకరణలు లేవు. ఉన్నవారు ముగ్గురే. నడుమ నిలుచు కథకుని భుజమున తంబుర, వ్రేళ్ళకు అందెలు. ఇరుప్రక్కల నుండు వంతలకు గుమ్మెటలు. కథకుడు పాడుచు, అడుగులు వేయుచు కథ నడపును. వంతలలో ఒకడు హాస్యము పలుకును. రెండవవాడు రాజకీయము, అనగా కాలస్థితిగతులను విడమరచి చెప్పును.

మన్యపు పోరునకు కారణమేమో తెలుపుటకు ఈ రాజకీయమే తగిన తావు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డుకట్ట వేసెను. తాతల నాటినుండి తమదైన అడవిలో కట్టెపుల్ల విరిచినను మన్యవాసులకు నేరమయ్యెను. దీనికి తోడు బాటలు వేయు పనులలో వారిచే వెట్టిచాకిరి చేయించిరి. ఈ బాధను తెలుపక తుపాకుల మ్రోతను మాత్రమే వర్ణించినచో కథకు ప్రాణముండదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళము వరుసగా దాడి సలిపెను. వారికి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చిక్కినవి. తాము తీసికొనిపోయిన ఆయుధముల వివరమును రాజు ఠాణాలలో వ్రాసి పెట్టి వెళ్ళెడివాడు. ఇట్టి ఘట్టములకు గుమ్మెటల దరువు వడివడిగా సాగవలెను.

సెప్టెంబరు 24 నాటి దామనపల్లి ఘాటు వృత్తాంతము వేరు. ఇరుకు దారిలో ముందు నడచిన భారతీయ సిపాయిలను దళము పోనిచ్చెను. వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారులను కాల్చి చంపెను. ఇట దరువు తగ్గవలెను. పొదల మాటున ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దమే శ్రోతకు వినిపింపవలెను. గెరిల్లా యుద్ధమున దాడి క్షణకాలము, నిరీక్షణము దీర్ఘకాలము.

ఆ నిరీక్షణమునకు అండ ప్రజలే. తిండి పెట్టినవారు, జాడ చెప్పక దాచినవారు గ్రామవాసులే. కనుకనే ప్రభుత్వము మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సు దళమును రప్పించి, గ్రామములపై కఠిన నిర్బంధము విధించెను. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపిరి.

కథకుడొక్కడే పాడినచో అది బుర్రకథ కాదు. వంతలు గొంతు కలిపిననే కథ నిలుచును. మన్యపు పోరును అట్లే తలపవలెను. నాయకుని పేరు వినినపుడు, పేరు తెలియకయే అతనికి అండయై కష్టములకోర్చిన గ్రామములను కూడ స్మరించుట మన ధర్మము.

ప్రశ్నలు
1. మన్యవాసులు ప్రభుత్వముపై తిరుగబడుటకు కారణములెవ్వి?
2. దామనపల్లి ఘట్టమున దరువు ఏల తగ్గవలెను?
3. గెరిల్లా యుద్ధమున ప్రజల పాత్రను వివరింపుము.