మందు – మోతాదు – మూర్ఛ

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనునది మెదడును, వెన్నుపామును బాధించు నాడీవ్యాధి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీని లక్షణములను సమగ్రముగా వివరించెను. విద్యుత్తీగపై రబ్బరు తొడుగు వలె మన నాడీతంతువులపై మైలిన్ అను పొర గలదు. ఈ వ్యాధిలో శరీరమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే ఆ పొరను దెబ్బతీయును. తొడుగు ఊడినచోట పొటాషియం వెలుపలికి కారిపోవుటచే నాడీసందేశము మార్గమధ్యమున సన్నగిల్లి, రోగికి నడక కష్టమగును.

ఈ కారుటను అరికట్టు మందు 4-అమైనోపిరిడిన్. దీనిని డాల్‌ఫాంప్రిడిన్ అను పేర, నెమ్మదిగా కరగు మాత్రగా, 2010 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినది. చిత్రమేమనగా, ఆ దేశముననే ఇది పక్షులను తరుము విషముగను వాడబడినది. తిన్న పక్షి మూర్ఛతో కొట్టుకొనుట చూచి తక్కినవి బెదరి పోవును.

ఒకే పదార్థము మందును, విషమును ఎట్లగును? భేదమంతయు మోతాదునందే గలదు. హద్దు మీరినచో ఆరోగ్యముగానున్న నాడీకణములు సైతము అతిగా ఉద్రేకించి మూర్ఛ కలుగును. నియమిత మోతాదు 12 గంటలకొకసారి 10 మిల్లీగ్రాములు మాత్రమే. అంతకు మించినచో మేలు పెరుగదు, అపాయమే పెరుగును.

తెలియకయే మోతాదు మీరు మార్గములు మూడు కలవు. మరచిన మాత్రకు బదులు రెండు ఒకేసారి మ్రింగుట మొదటిది. మాత్రను నమలుట, పొడిచేయుట రెండవది. అట్లు చేసిన మందంతయు ఒక్కసారిగా రక్తములో చేరును. మూడవది మూత్రపిండముల బలహీనత. మందు బయటికి పోక శరీరమున పేరుకొనును. కావుననే మందు ఆరంభింపకముందును, పిమ్మట ఏటేటను మూత్రపిండములను పరీక్షింపవలెనని 2012లో ఆ సంస్థ హెచ్చరించినది. సరియైన మోతాదులోనే కొందరికి మూర్ఛ వచ్చినదనియు తెలిపినది. పూర్వము మూర్ఛ వచ్చినవారికి ఈ మందు నిషిద్ధము.

కండరముల బిగువునకు వాడు బాక్లోఫెన్ విషయమున జాగ్రత్త రెండింతలు కావలెను. అది ఎక్కువైనను మూర్ఛ రావచ్చును, అకస్మాత్తుగా మానినను రావచ్చును.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళపుచెవులు పెట్టుట మన ప్రాంతముల వాడుక. దానివలన ప్రయోజనము లేదు. రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్చవలెను.

మన యిండ్లలో మందుచీటీ చదివి పెద్దలకు మాత్రలందించు పని తరచు విద్యార్థులదే. వ్యాధి ఏదైనను, ఆ చీటీపైనున్న అంకెను, వేళను మనము శ్రద్ధగా చదివినచో మన చదువు ఇంటికి ఉపయోగపడినట్లే.