సర్కారు కొనుగోలులో నూటికి నాలుగు పాళ్లు



మన సంఘ సభ్యులలోను, దివిసీమ గ్రామములలోను యానాది, ఎరుకల మొదలగు తెగలవారును, షెడ్యూల్డు కులములవారును పెక్కుమంది కలరు. వారు తయారుచేయు సరకును ప్రభుత్వమువారు కొనుటకు ఒక ఏర్పాటు కలదు. దానిని ఎరిగినవారు తక్కువ గనుక ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఏర్పాటు ఏమి? కేంద్ర ప్రభుత్వము 2012లో ఒక ఉత్తరువు చేసెను. దాని ప్రకారము కేంద్ర శాఖలును, కేంద్ర ప్రభుత్వ సంస్థలును ఏటేట తాము కొనువానిలో కొంత భాగము సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండియే కొనవలయును. మొదట నూటికి 20గా నున్న ఆ భాగమును 2018లో 25కు పెంచిరి. అందులో 4 పాళ్లు షెడ్యూల్డు కులముల, తెగలవారి పరిశ్రమలకు ప్రత్యేకింపబడినవి. గుడివాడ మీదుగా నడచు రైల్వేయు, బందరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారమును ఈ ఉత్తరువునకు లోబడినవే. ఆస్ట్రేలియాలోను ఆదిమవాసుల వ్యాపారముల కొరకు 2015లో ఇట్టి ఏర్పాటే మొదలయ్యెను.

ఎవరు అర్హులు? ఏక యజమాని యైనచో అతడే ఆ కులమునకో తెగకో చెందినవాడై యుండవలయును. భాగస్వామ్యమందును, ప్రైవేటు కంపెనీయందును నూటికి 51 వంతులకు తక్కువ గాకుండ వారి వాటా యుండవలయును. నామమాత్రపు వాటా చాలదు. ఒకచోట కొని మరియొకచోట అమ్ము వర్తకునకు ఇది వర్తింపదు.

లాభమెట్లు? టెండరు పత్రములు ఉచితము; ధరావతు కట్టనక్కరలేదు. పెద్ద కంపెనీ ఒక వస్తువునకు 100 రూపాయలు అడిగెననుకొనుడు. చిన్న పరిశ్రమవాడు 115 రూపాయల లోపల అడిగియుండి, పిమ్మట 100కు దిగివచ్చినచో, విభజింపదగిన ఆర్డరులో నాలుగవ వంతు వరకు అతడు పొందవచ్చును. సరకు అంగీకరించిన పిదప సొమ్ము 45 దినములకు మించకుండ చెల్లింపవలయును. ఆలస్యమైనచో వడ్డీ కలదు.

ముఖ్య విషయము: అర్హులు టెండరు వేయనిచో ఆ 4 పాళ్లు తక్కిన చిన్న పరిశ్రమలకు పోవును. పెక్కేండ్లు ఈ భాగము నిండనే లేదు. హక్కు కాగితముపై నుండి, సొమ్ము వేరొకరికి చేరుట విచారకరము గదా!

చేయవలసిన పని: ఆధారుతో ఉద్యం నమోదు చేయించుకొనవలయును. దీనికి రుసుము లేదు, దళారికి పైకమీయవలదు. కుల ధ్రువపత్రము సిద్ధపరచుకొని, 2016లో మొదలైన ప్రభుత్వ ఈ-మార్కెటునందు పేరు చేర్పించవలయును. సందేహమున్నచో జిల్లా పరిశ్రమల కేంద్రములో విచారింపవచ్చును.

చదువు వచ్చిన ప్రతి సభ్యుడు తన గ్రామమున అర్హుడైన ఒక్క పనివానికి ఈ కాగితములు పూర్తిచేసి యిచ్చినచో, సహకారమను మాట సార్థకమగును.