నాన్న మనకెందుకు చెప్పలేదు?

సమస్య: మా నాన్నగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 72 ఏళ్లు. రాజమండ్రిలో మాతోనే ఉంటారు. పోయిన నెల ముంబై పోలీసులమంటూ ఎవరో వీడియో కాల్ చేశారు. ఆయన ఆధార్‌తో తెరిచిన ఖాతాలో హవాలా డబ్బు పడిందని, ‘డిజిటల్ అరెస్టు’ చేశామని బెదిరించారు. రెండు రోజులు తలుపేసుకుని గదిలోనే ఉన్నారు. కాల్ కట్ చేయకుండా ఫోన్ జేబులో పెట్టుకునే బ్యాంకుకి వెళ్లారు. ఎఫ్‌డీ ఎందుకు తీస్తున్నారని అడిగితే, కొడుకు ఇల్లు కొంటున్నాడన్నారట. పదకొండు లక్షలు పోయాయి. వంటింట్లో నా భార్య ఉన్నా ఒక్కమాట చెప్పలేదు. అంతకుముందు కరెంటు బిల్లు మెసేజ్ నమ్మి ఆరు వేలు పోగొట్టుకున్నప్పుడే బంధువుల ముందు గట్టిగా చీవాట్లు పెట్టాను. అయినా బుద్ధి రాలేదు. ఇప్పుడు ఫోను, ఏటీఎం కార్డు నా దగ్గరే పెట్టుకున్నాను. పాలవాడికివ్వాలన్నా నన్నే అడుగుతారు. సరిగా తినడం లేదు, మాట్లాడడం లేదు. నేను చేసింది సబబేనా?
- ఒక పాఠకుడు

సలహా: సబబు కాదు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే ఇప్పుడైనా చేయండి. బ్యాంకుకీ రాసివ్వండి. మొదటి గంటల్లో చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపించే వీలుండేది, ఇప్పుడు కష్టమే. ‘ఫీజు కడితే మీ సొమ్ము వెనక్కి ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, వాళ్లూ దొంగలే.

నేను ఈ జవాబు రాస్తున్నది ‘బంధువుల ముందు’ అన్న ఆ మాట చూసి. వంటింట్లో కోడలున్నా ఆయన నోరు ఎందుకు విప్పలేదో మీ ఉత్తరంలోనే ఉంది బాబూ. ఆరు వేలకే అంత పరువు తీసిన కొడుకు, ఇంత పెద్ద చిక్కు చెబితే ఏమంటాడోనని భయపడ్డారు. ‘ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అన్నదే ఆ దొంగలు పెట్టే మొదటి షరతు. ఆ పని మీరు వాళ్లకి ముందే సులువు చేసి పెట్టారు.

బుద్ధి లేక మోసపోయారనడం అన్యాయం. అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు సుప్రీంకోర్టు పేరుతోనే నకిలీ ఉత్తర్వులు చూపించి కోటికి పైగా దోచుకున్నారు. వాళ్లు మొర పెట్టుకుంటే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టే దాన్ని కేసుగా చేపట్టింది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. కానీ యూనిఫాం వేసుకున్న మనిషి తెర మీద గద్దిస్తుంటే, జన్మలో పోలీసు స్టేషన్ గడప తొక్కని మాస్టారికి అది ఎలా తోస్తుంది?

జీవితమంతా సంపాదించి మిమ్మల్ని చదివించిన మనిషి పాల డబ్బులకు చెయ్యి చాచడం ఎంత నరకమో ఆలోచించండి. ఫోను, కార్డు ఈ రోజే ఆయనకిచ్చేయండి. రోజుకి ఎంత పంపొచ్చో పరిమితి పెట్టుకుందామని అడగండి, ఆయన ఒప్పుకుంటేనే పెట్టండి. తిట్టింది బంధువుల ముందు కాబట్టి తప్పయిందని కూడా వాళ్ల ముందే చెప్పండి. తిండి ఇలాగే తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

ఇది చదువుతున్న కొడుకులకీ కూతుళ్లకీ కూడా చెబుతున్నాను. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మీ పెద్దవాళ్లతో అనండి: ‘ఎవరు బెదిరించినా, ఎంత పోయినా ముందు నాకు చెప్పండి. నేను ఒక్కమాట అనను.’ అన్నాక, ఆ మాట మీద నిలబడండి.